రోమాపురీ – మా అవ్వా

చరిత్ర పుస్తకాల చివర పేర్ల పట్టిక ఉంటుంది చూశారూ, అందులో ఎప్పుడైనా ఒక అవ్వ పేరు కనిపించిందా మీకు? రాజుల పేర్లుంటాయి. సేనాపతుల పేర్లుంటాయి. రాజుగారి గుర్రం పేరు సైతం ఉంటుంది. ఆ రాజుగారికి పసితనంలో ఉగ్గు పట్టిన ముసలమ్మ పేరు మాత్రం ఉండదు. గుర్రం ఎక్కడం చరిత్ర. ఉగ్గు పట్టడం చరిత్ర కాదు మరి!

నేను డిగ్రీలో చరిత్ర చదువుకున్నాను. ఆ తరువాత సొంత ఆసక్తి కొద్దీ, కథోలిక మతం మన తెలుగునాటికి వచ్చిన తీరు గురించి దొరికినవన్నీ చదివాను. ఏ సంవత్సరంలో రోము నుంచి ఏ ఉత్తర్వు వచ్చింది, ఎవరు ఎవరిని కాదన్నారు – అన్నీ. అవన్నీ చదివాక నాకు తోచిందేమిటంటే, ఆ చరిత్రలో సగం మా ఇంట్లోనే, వంటింటి గడప మీద కూచుని చింతపండు గింజలు తీస్తూ ఉండేదని. ఆ సగాన్ని మేం 'అవ్వా' అని పిలిచేవాళ్ళం.

అవ్వంటే మా అమ్మ వాళ్ళమ్మ. గుంటూరు జిల్లా ఫిరంగిపురం చుట్టుపక్కల పల్లె. రైతు కుటుంబం. ఏడుగురు పిల్లల్ని పెంచింది. దక్కనివాళ్ళు మరో ఇద్దరు. జపాల పుస్తకం కూడబలుక్కుని చదివేది గానీ, రాత మాత్రం సంతకం వరకే. తెల్లవారుజామున గుడి గంట మోగకముందే లేచేది. రాత్రి భోజనాలకు ముందు ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద నిలబడాల్సిందే. జపమాలలో అయిదు రహస్యాలు. మూడో రహస్యానికల్లా పిల్లలం ఒకరి మీద ఒకరం వాలిపోయేవాళ్ళం. అవ్వ మంగళవార్త జపం నడిమధ్యలో "దూడ కట్టు విప్పుకున్నట్టుంది, చూడండ్రా" అని, మళ్ళీ ఆపిన మాట దగ్గరే అందుకునేది. ఒక్క పూస తప్పేది కాదు. దేవుడూ, దూడా ఇద్దరూ ఆవిడ పూచీయే.

ముందు మా పక్క పేర్ల సంగతి చెప్పనివ్వండి. రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరయ్య, జోజయ్య, ఆరోగ్యమ్మ – ఈ పేర్లు వింటే అచ్చ తెలుగు పేర్లలాగే ఉంటాయి కదూ? ఒక్కొక్క పేరూ ఎంత దూరం నడిచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. క్రీస్తు శిష్యుల్లో పెద్దవాడు పేతురు. ఆ మాటకు రాయి అని అర్థం. కనుక మనకు రాయప్ప అయ్యాడు. లాటిన్‌లో పౌలు అంటే చిన్నవాడు. అందుకని చిన్నప్ప. జెస్యూట్ గురువుల సభను స్థాపించిన ఇగ్నేషియస్ ఇన్నయ్య అయితే, జేవియర్ తమిళదేశం మీదుగా వచ్చి శౌరి అయ్యాడు. పోర్చుగీసు వాళ్ళ జోసెఫ్ జోజి అయ్యాడు. వేలాంగణ్ణి ఆరోగ్యమాత పుణ్యమా అని ఇంటికో ఆరోగ్యమ్మ. మా అవ్వకు లాటిన్ అర్థాలేవీ తెలియవు. కానీ మనవడికి పేరు పెట్టేటప్పుడు "పెద్దాడు రాయప్ప గనక, చిన్నాడు చిన్నప్పే కావాలి" అని పట్టుబట్టేది. పేతురూ పౌలూ పండుగ ఒక్కరోజే మరి, జూన్ 29.

ఈ పేర్లను మోసుకొచ్చినవాళ్ళు 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్యూట్లు. చిత్తూరు వైపు పుంగనూరుతో మొదలుపెట్టి, అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం, మదిగుబ్బ దాకా వచ్చారు. కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. జనం వాళ్ళను రోమాపురి సన్యాసులన్నారు. వాళ్ళలో కేర్దూ అనే ఆయన మహా పండితుడు. 1732లో వచ్చి, తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్ గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. విలియమ్ జోన్స్ అదే మాట 1786లో చెప్పి జగత్ప్రసిద్ధుడయ్యాడు. మనకు ఇంకా ముచ్చటైన సంగతేమిటంటే, కేర్దూ 1742లో రాసిన ఉత్తరంలో మన అద్దకపు బట్టల తయారీ అంతా పూసగుచ్చినట్టుంది. బట్ట ఎలా ఉడకేయాలి, రంగు ఎలా పట్టించాలి – తన దగ్గర జ్ఞానస్నానం పొందిన అద్దకపువాళ్ళను అడిగి తెలుసుకున్నాడట.

ఇక్కడిదాకా మగవాళ్ళ చరిత్ర. ఇప్పుడు తాళిబొట్టు దగ్గరికి వద్దాం.

1703లో రోము నుంచి పోపుగారి ప్రతినిధి ఒకాయన పుదుచ్చేరిలో దిగాడు. పేరు టూర్నన్. జబ్బు మనిషి. ఎనిమిది నెలలున్నాడు గానీ, పల్లెల్లోకి వెళ్ళి చూసింది లేదు. 1704లో మాత్రం ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పెళ్ళికూతురి తాళి మీద పిళ్ళారి బొమ్మ ఉండరాదు, సిలువ బొమ్మో మరియమాత బొమ్మో ఉండాలి. నూటెనిమిది పోగుల పసుపుతాడు కూడదు. పెళ్ళిలో శకునానికి కొబ్బరికాయ కొట్టరాదు. పిల్ల పెద్దమనిషి అయితే వేడుక చేయరాదు. ఆ మూడు రోజులూ ఆడవాళ్ళను గుడికి రావద్దనడం తప్పు. ఇలాగ సాగుతుంది ఆ ఉత్తర్వు. దాని మీద నలభై ఏళ్ళు తర్జనభర్జనలు జరిగి, 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు తుదిమాట చెప్పారు. ఆలోచించండి. నలభై ఏళ్ళపాటు, సముద్రాలకు అవతల, పెళ్ళాలు లేని పెద్దలంతా కూచుని మన ఆడవాళ్ళ మెడలో తాడు గురించి వాదించుకున్నారన్నమాట! మెడ ఎవరిదో వాళ్ళను ఒక్కరూ అడగలేదు.

నేను ఇదంతా చదివిన కొత్తలో ఉత్సాహంగా అవ్వ దగ్గర కూచుని చెప్పాను. "అవ్వా, ఆ మూడు రోజులూ గుడికి రావచ్చని రోమువాళ్ళు 1704లోనే చెప్పారట తెలుసా?"

అవ్వ చింతపండు మీంచి తల ఎత్తలేదు. "రోము చెప్తే సరిపోద్దా? మా అత్త చెప్పాలిగా."

చరిత్రకారులు పదిపేజీల్లో చెప్పలేని మాట అది. ఉత్తర్వు రోము నుంచి పుదుచ్చేరి రావడానికి ఓడ చాలు. పుదుచ్చేరి నుంచి మా పల్లె వంటింట్లోకి రావాలంటే అత్తగార్లను దాటాలి. అత్తగార్లు కొన్ని పుచ్చుకున్నారు, కొన్ని గడప బయటే ఆపేశారు. అవ్వ తాళిబొట్టు మీద సిలువ గుర్తుంది. రోము మాట చెల్లింది. ఆ బొట్టు పసుపుతాడుకే వేలాడుతూ ఉండేది. మా ముత్తవ్వ మాటా చెల్లింది. ఇక కొబ్బరికాయ సంగతంటారా, ఏ ఫిబ్రవరి 11న అయినా విజయవాడ గుణదల కొండకు వెళ్ళి చూడండి. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. మరియమ్మ తల్లికి కొబ్బరికాయలు కొట్టేవాళ్ళూ, తలనీలాలిచ్చేవాళ్ళూ, మొక్కు చీరలతో కొండెక్కే హిందూ సోదరీమణులూ లక్షల్లో వస్తారు. అవ్వ ఓపిక ఉన్నంతకాలం ఏటా వెళ్ళింది. కొబ్బరిచిప్పలు ఇంటికి తెచ్చి పచ్చడి చేసింది.

మళ్ళీ వెనక్కి వెళదాం. యూరపు రాజుల ఒత్తిడికి లొంగి 1773లో పోపుగారు ఒక్క కలంపోటుతో జెస్యూట్ల సభనే రద్దు చేశారు. ఆ సభ మళ్ళీ లేచింది 1814లో. పుదుచ్చేరిలో వాళ్ళ చోటికి పారిస్ గురువులు వచ్చారు గానీ, వాళ్ళెంతమంది, మన పల్లెలెన్ని! ఈలోగా రాయలసీమ మీద దండయాత్రలు, కరువులు. తాళలేక ఎన్నో కథోలిక కుటుంబాలు ఎడ్లబండ్ల మీద గుంటూరు సీమకు తరలి వచ్చాయి. వచ్చిన చోటా సుఖం లేదు. 1832–33లో నందన కరువు గుంటూరు జిల్లాలో దాదాపు మూడోవంతు జనాన్ని పొట్టన పెట్టుకుంది.

గురువు లేడు. గుడి లేదు. ఉన్న ఊరు లేదు. అయినా 1875లో ఇంగ్లండు నుంచి మిల్‌హిల్ గురువులు ఈ ప్రాంతానికి వచ్చేసరికి తరతరాల కథోలికులు ఇక్కడ కాచుకుని ఉన్నారు. ఆ గురువుల్లో ఒకరైన ఫాదర్ డీక్మన్ హయాంలోనే ఫిరంగిపురంలో బాలయేసు గుడి లేచింది. మరి ఆ నడిమి వందేళ్ళూ ఆ విశ్వాసం ఎక్కడ దాక్కుంది? ఊళ్ళు తిరిగి బోధించిన ఉపదేశులున్నారు, నిజమే. కానీ ఉపదేశి వచ్చేది ఎప్పుడో. పరలోక జపం నేర్పడానికి ఎవరో ఒకరు రోజూ ఉండాలి. నుదుటిమీద పిల్లాడి వేళ్ళు పట్టుకుని సిలువ గుర్తు వేయించడానికి ఒక చెయ్యి ఉండాలి. అది గంజి కాచే చెయ్యే, పిండి విసిరే చెయ్యే. బండి మీద బియ్యంమూటతోపాటు జపాలనూ మూటగట్టుకు వచ్చింది ఇంటి ఆడవాళ్ళే. గుడి గంట లేని ఊళ్ళో పొద్దు గుంకడమే వాళ్ళకు గంట.

అలాంటి ఇళ్ళలోంచే ఒక గొప్ప స్త్రీ బయలుదేరింది. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ. ఉపాధ్యాయుణ్ణి పెళ్ళాడి మద్రాసు దగ్గర కీళచ్చేరిలో కాపురం పెట్టింది. అయిదుగురు కొడుకులు. భర్త పోయాడు. ఆ రోజుల్లో విధవరాలు మూల కూచోవాలి. ఆవిడ కూచోలేదు. 1863లో ఆడపిల్లలకు బడి పెట్టింది. ఆ బడి చుట్టూ అన్నమ్మగారి పేరు మీద కన్యాస్త్రీల సభ పుట్టింది. 1874లో కన్నుమూసింది. ఈనాడు శ్రీసభ ఆవిడను దైవసేవకురాలని పిలుస్తోంది. పునీతుల వరసకు అది మొదటి మెట్టు. మా అవ్వ మూడో తరగతి చదివింది ఆ సభ సిస్టర్ల దగ్గరే. అవ్వ కూడబలుక్కుని చదివిన ప్రతి జపం వెనకా ఆ విధవరాలి మొండితనం ఉంది.

అవ్వకు ఇంచుమించు నలభై ఏళ్ళొచ్చేవరకూ పూజ లాటిన్‌లోనే జరిగేది. ఫాదరుగారు జనానికి వీపు పెట్టి, పీఠం వైపు తిరిగి చదువుకునేవారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు మరోవైపు చాపల మీద, తలమీద కొంగు. లాటిన్ ఒక్క ముక్క తెలియకపోయినా జవాబులన్నీ అవ్వకు కంఠస్థమే. 1962 నుంచి 1965 దాకా రోములో మహాసభ జరిగింది. 1963 చివర్లో పూజలో మాతృభాష వాడుకోవచ్చని ఆ సభ అనుమతి ఇచ్చింది. మెల్లగా మా ఊరికీ తెలుగు పూజ వచ్చింది. అవ్వ మొదట సణిగిందట. "లాటిన్లో అయితే ఆయన పాటికి ఆయన చదివేవాడు, నా పాటికి నేను జపమాల చెప్పుకునేదాన్ని. ఇప్పుడు అడిగినదానికల్లా జవాబు చెప్పాలంట." కానీ ఆ మొదటి ఆదివారం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండా అరుగు మీదే కూలబడి, తాతతో అన్నదట – "ఇన్నేళ్ళూ ఆయన చెప్తా ఉంది ఇంత మంచి మాటలా!" అప్పటికి పన్నెండేళ్ళ మా అమ్మ గుమ్మంలో నిలబడి విన్న మాట ఇది.

ఇదంతా నవ్వుతూ చెప్పుకోదగ్గ భాగం. ఇక నవ్వుతూ చెప్పలేనిది ఒకటుంది.

శ్రీసభలో పీఠం దగ్గర ఆడవాళ్ళకు అధికారం లేదు. కానీ ఒక్క చోట ఉంది. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. తలమీద నీళ్ళు పోసి, చెప్పాల్సిన మాట చెబితే చాలు. అది ఫాదరు ఇచ్చినదానితో సమానం. అందుకే మంత్రసానులకు ఆ మాటలు నేర్పి ఉంచేవారు. గుడిలో కొంగు కప్పుకుని వెనక కూచునే మనిషి, పురిటింట్లో గురువంతటిది.

అవ్వకు పద్దెనిమిదో ఏట తొలికాన్పు. ఆడపిల్ల. పుట్టి గట్టిగా అరగంట బతికిందట. ఆ అరగంటా ఇంట్లో పెద్దలు ఫాదరు కోసం మనిషిని పంపించి ఎదురుచూశారు. ఫాదరుగారు వచ్చేలోపల బిడ్డ పోయింది. జ్ఞానస్నానం లేకుండా పోయింది. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం జ్ఞానస్నానం లేనివారికి శ్రీసభ సమాధి కర్మలు లేవు. ఆశీర్వదించిన నేలలో చోటు లేదు. అలాంటి పసివాళ్ళు మోక్షానికీ నరకానికీ కాకుండా లింబో అనే చోట ఉంటారని పండితులు బోధించేవారు. ఆ బిడ్డను సమాధుల తోట గోడకు అవతల, చింతచెట్టు కింద పూడ్చారు.

ఆ తరువాత అవ్వ పురుళ్ళన్నిటికీ మంచం పక్కన చెంబునిండా నీళ్ళు పెట్టించుకునేది. నెలలు నిండకుండా పుట్టిన ఒక మగపిల్లాడికి, ఊపిరి నిలవదని తెలిసి, ఎవరికోసమూ చూడకుండా తనే లేచి నీళ్ళు పోసింది. వాడు గోడ లోపలే ఉన్నాడు. తరువాత్తరువాత ఊళ్ళో ఏ పురుడు కష్టమైనా అవ్వకు కబురొచ్చేది. చెంబు పట్టుకుని వెళ్ళేది.

నవంబరు 2 మా పక్క సమాధుల పండుగ. గోరీలకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదరుగారు జపం చెప్పి వెళ్ళాక, జనం పలచబడ్డాక, అవ్వ కొంగున దాచిన ఒక కొవ్వొత్తి తీసుకుని గోడ చుట్టూ తిరిగి బయటికి వెళ్ళేది. చింతచెట్టు మొదట్లో కూచుని వెలిగించేది. గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించేది. నాకు పదేళ్ళప్పుడు వెంట వెళ్ళి అడిగాను, "ఇది ఎవరికవ్వా?" అని.

"పెద్దదానికి" అంది.

ఆ ఇంటికి పెద్దకూతురు మా అమ్మ. ఊరందరికీ అంతే తెలుసు. అవ్వకు మాత్రం లెక్క వేరు.

అవ్వ ఏనాడూ ఫాదర్లతో వాదించలేదు. ఒక ఆదివారం పూజ మానలేదు. ఉపవాసాలు తప్పలేదు. చట్టాన్ని తప్పని అనలేదు, కొవ్వొత్తినీ మానలేదు. భక్తి అంటే అన్నిటికీ తల ఊపడమేనని అనుకునేవాళ్ళకు నేను మా అవ్వను చూపిస్తాను. 1983లో శ్రీసభ చట్టం మారింది. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని, ఈలోగా పోయిన బిడ్డలకు పీఠాధిపతి అనుమతితో సమాధి పూజ జరపవచ్చన్నారు. 2007లో రోములోని వేదశాస్త్ర పండితుల సంఘం, జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్ళు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని రాసింది. ఆ కాగితం వెలువడేనాటికి అవ్వ లేదు. ఉంటే చదివి వినిపించేదాన్ని. చింతపండు మీంచి తల ఎత్తకుండానే, "ఆ ఆశ లేకపోతే అన్నేళ్ళు కొవ్వొత్తి ఎందుకు పెడతానే?" అని ఉండేదేమో.

మా ఊరి గుడిలో పాత పుస్తకాలున్నాయి. జ్ఞానస్నానాలకొకటి, పెళ్ళిళ్ళకొకటి, చావులకొకటి. అందులో బిడ్డ పేరుతోపాటు తండ్రి పేరే కాదు, తల్లి పేరూ రాస్తారు. పొలం కాగితాల్లోనూ, పన్ను రసీదుల్లోనూ ఎక్కడా లేని మా అవ్వ పేరు అక్కడ ఎనిమిది సార్లు తల్లిగా ఉంది. ఏడుగురు బతికినవాళ్ళు, చెంబునీళ్ళ బిడ్డ ఒకడు. తొమ్మిదోసారి లేదు.

కథోలికులు యేసుక్రీస్తు అమ్మమ్మను అన్నమ్మగారని కొలుస్తారు. జ్ఞానమ్మ తన సభకు పెట్టింది ఆవిడ పేరే. జూలై 26న పండుగ. 2021 నుంచి జూలై నాలుగో ఆదివారాన్ని అవ్వాతాతల దినంగా జరపాలని పోపు ఫ్రాన్సిస్ నియమించారు. చిత్రమేమిటంటే, బైబిల్లో ఆ అమ్మమ్మ ఊసే లేదు. రెండో శతాబ్దం నాటి మరో పుస్తకంలోంచి ఆ పేరు వచ్చింది. ఇంతటి కథలో ఒక అవ్వ లేకపోతే ఎలా అని జనానికి తోచి ఉంటుంది. మరియమ్మకు జపం నేర్పిన తల్లి ఒకతె ఉండాలి కదా! పుస్తకం మరిచిపోయిన పేరును జనం పట్టుబట్టి నిలబెట్టారు.

నవంబరులో గోడ అవతల కొవ్వొత్తి ఇప్పుడు మా అమ్మ వెలిగిస్తోంది. "పెద్దక్కకి" అంటుంది.